ఒక్కరు కావాలి, ఇద్దరున్నారు

మా ఇంట్లో అప్ప అంటే అక్క. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయ్ దేశంలోని బాగన్ దాతుక్ కొబ్బరి తోటలకు వచ్చినప్పుడు మూటాముల్లెతో పాటు ఈ మాటనూ తెచ్చుకున్నారు. నాన్నను అయ్య అంటాం, అక్కను అప్ప అంటాం. ఇంట్లో ఉన్నంతసేపూ ఇందులో తికమకేమీ లేదు. గడప దాటితే మాత్రం మా చుట్టూ ఉన్నవాళ్లు తమిళులు, వాళ్లకు అప్పా అంటే నాన్న. చివరి దీర్ఘం ఒక్కటే తేడా. పిల్లలు వీధి చివర నుంచి కేకేసి పిలిచేటప్పుడు ఆ తేడా కూడా మిగలదు.

నేను పోయి పోయి ఒక తమిళాయన్నే పెళ్లి చేసుకున్నాను. సుంగై సిపుట్ ఊరివాడు, మహా నెమ్మదస్తుడు, ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేస్తాడు. మాకు ఐదేళ్ల కూతురు. అది తండ్రిని అప్పా అంటుంది. నేను మా అక్కను అప్ప అని పిలవడం విని తనూ ఆవిణ్ణి అప్ప అనే అంటుంది. "పెద్దమ్మ అనాలే" అని రెండు రోజులు నేర్పి చూశాను. "నువ్వు అనవు కదా" అంది. ఐదేళ్ల పిల్లతో వాదించి గెలిచినవాళ్లు లేరు. నిజం చెప్పొద్దూ, దాని నోట ఆ మాట వింటే నాకు లోపల్లోపల సంతోషంగానే ఉండేది. అందుకే వదిలేశాను.

అప్ప నాకంటే పదిహేనేళ్లు పెద్దది. నాకు మూడేళ్లప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. అయ్య తోటలో గెలలు కోయడానికి చీకటితో లేచి వెళ్లేవాడు. నాకు తల దువ్విందీ, అన్నం పెట్టిందీ, సైకిలు వెనక కూచోబెట్టుకుని బడికి తీసుకెళ్లిందీ అప్పే. సైకిలు మీద పట్టుకోవడానికి నాకు ఆవిడ జడ చివర దొరికేది. అది నడుము దాటి కిందికి వేలాడే లావాటి జడ. గతుకు వచ్చినప్పుడల్లా నేను గట్టిగా లాగేదాన్ని, ఆవిడ తిట్టేది, అలా బడికి చేరేవాళ్లం.

ఇప్పుడు మేమూ అప్ప వాళ్లూ కౌలా సెలంగోర్‌లో ఒకే కాలనీలో, మూడు వీధుల తేడాతో ఉంటున్నాం. బావ పామాయిలు గెలల లారీ తోలుతాడు. వాళ్ల కొడుకులు పెద్దవాళ్లై ఉద్యోగాల్లో పడ్డారు. నేను వారంలో మూడు రోజులు క్లాంగ్‌లో ఉన్న ఆఫీసుకు వెళ్తాను కాబట్టి, రోజూ పన్నెండున్నరకు అప్ప తన చిన్న మోటారుసైకిలు తీసి, దాని కొక్కేనికి చిన్న ఎర్ర హెల్మెట్ తగిలించుకుని, నా కూతుర్ని బడి నుంచి తీసుకొచ్చేది. ఇక్కడ చిన్నపిల్లల బడిని మలయ్ భాషలో తడికా అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు అప్ప నవ్వాపుకోలేకపోయింది. "ఏటే, తడిక కట్టి సదువు సెప్తారేటి?" అని అడిగింది. నిజానికి ఆ తడికాకు నిలువెత్తు ఇనుప గేటుంది, తాళం ఉంది.

పిల్లను చేర్చినప్పుడు ఒక ఫారం ఇచ్చారు. పై వరుసలో ముఖ్య సంరక్షకుడిగా తండ్రి, దాని కింద తల్లి, ఇద్దరి ఫొటోలు. కింద, పిల్లను తీసుకెళ్లడానికి వచ్చే ఇతరులెవరైనా ఉంటే రాయమని ఒక వరుస. నేను దాన్ని ఖాళీగా వదిలేశాను. గేటు దగ్గరుండే ఆయా తమిళావిడ, అప్పను గుళ్లో ఏళ్ల తరబడి చూసిన మనిషి. ఎదురుగా మనిషి ఉంటే కాగితం ఎందుకులే అనుకున్నాను. అలా రెండేళ్లు హాయిగా గడిచిపోయాయి.

ఇక నా పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన వెధవపని అర్థం కాదు. నేను జావాలో ప్రోగ్రాములు రాస్తాను. క్లినిక్కుల కోసం. మేం వాడే ఫ్రేమ్‌వర్క్‌లో ఒక సుఖం ఉంది: మనకు కావలసిన వస్తువును మనం తయారు చేసుకోనక్కర్లేదు, ఫలానా రకంది కావాలని చేయి చాస్తే చాలు, అదే వెతికి అందిస్తుంది. వంటింట్లో "కత్తి" అని వెనక్కి చూడకుండా చేయి చాపితే ఎవరో ఒకరు అందించినట్టు. జావా అంటే కాఫీ కదా, అందుకని ఈ వస్తువులకు బీన్లని, అంటే గింజలని, పేరు పెట్టారు. ఇంట్లో కత్తి ఒక్కటే ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. రెండో కత్తి కొన్న రోజున, అందించేవాళ్లు ఆగి "ఏ కత్తి?" అని అడుగుతారు. ఈ ఫ్రేమ్‌వర్కూ అంతే. ఒకే రకానివి రెండు కనిపిస్తే మొదలవడమే మానేసి, తెర మీద ఒక ముక్క రాసి కూచుంటుంది: ఒక్క బీన్ కావాలి, రెండు దొరికాయి.

మా ప్రోగ్రాములో కబురు పంపే బీన్లు రెండుండేవి. ఒకటి రోగులకు గుర్తు చేసేది, ఇంకొకటి క్లినిక్ సిబ్బందికి చెప్పేది. ఏడాదిగా రెండూ పేచీ లేకుండా నడిచాయి. ఎందుకు నడిచాయో నేనెప్పుడూ అడగలేదు. తర్వాత తెలిసింది: రెండు దొరికినప్పుడు, మనం రాసుకున్న పేరుతో ఏ బీన్ పేరైనా కలుస్తుందేమో అని అది చూస్తుంది. ఎవరో ఎప్పుడో పెట్టిన పేర్లు కలిశాయి, అంతే. ఆ మంగళవారం పొద్దున నాకు ఆ పేర్లలో ఒకటి వికారంగా కనిపించింది. వంకర ముగ్గు చూస్తే చెరిపి మళ్లీ వేసే బుద్ధి నాది. దాన్ని చెరిపేసి చక్కని పేరు పెట్టాను. ప్రోగ్రాము ఆగిపోయింది.

అప్పటికి పదకొండూ ముప్పావు. పన్నెండింటికి క్లినిక్ వాళ్లు చూడ్డానికి వస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. తాపీగా చదివి అర్థం చేసుకునే రకం కాదు నేను. సిబ్బంది బీన్ నెత్తిన "ప్రైమరీ" అని ఒక గుర్తు పెట్టాను. అంటే, ఎప్పుడు సందేహం వచ్చినా ముందు దీన్నే అందించు అని. ప్రోగ్రాము కిమ్మనకుండా లేచి కూచుంది. ఫోను మోగకుండా చేసి సంచిలో పడేసి, నవ్వు మొహం పెట్టుకుని మీటింగుకు వెళ్లాను.

సరిగ్గా ఆ గంటలోనే తడికా గేటు దగ్గర గొడవ మొదలైంది. పాత ఆయా ఆ వారమే పని మానేసింది. ఆమె బదులు గేటు దగ్గర ఒక కొత్త మలయ్ అమ్మాయి నిలబడింది, టీచరే. టీచర్లను ఇక్కడ చెగు అంటారు. పాపం, ఆ చెగు మా పిల్లల కోసం అమ్మా, అప్పా అనే రెండు మాటలు ముందే నేర్చుకుని వచ్చింది. ఇవాళ నిన్ను తీసుకెళ్లడానికి ఎవరొస్తారని నా కూతుర్ని అడిగింది. "అప్ప" అని ఇది ఠకీమని చెప్పింది. చెగు ఫారం తీసి, మా ఆయన ఫొటో చూసి, మీసాల మనిషి కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

వచ్చింది మా అప్ప, చేతిలో చిన్న ఎర్ర హెల్మెట్.

ఎవరు మీరు అని చెగు అడిగింది. పిల్లకు అప్పను అని అప్ప చెప్పింది. చెగు బిత్తరపోయి "ఆపా?" అంది. మలయ్ భాషలో ఆపా అంటే ఏమిటి అని అర్థం. ఈ విషయం మా అప్పకు పుట్టినప్పట్నుంచీ తెలుసు, కానీ ఆ కంగారులో తోచలేదు. "అవును, అప్పనే" అని తలూపింది. చెగు మళ్లీ "ఆపా?" అంది. ఈవిడ మళ్లీ తలూపింది. ఈ ముక్క విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.

చెగు గేటు తీయలేదు. అప్ప నాకు పదకొండుసార్లు ఫోను చేసింది. మా ఆయన ఫోను ఫ్యాక్టరీ లాకరులో ఉంది. గంటా పది నిమిషాలు ఆవిడ ఎండలో, గేటు బయట నిలబడింది. లోపల ఊచలు పట్టుకుని పిల్ల "అప్ప! అప్ప!" అని ఏడుస్తుంటే, చెగు దాన్ని ఎత్తుకుని, అప్పా వచ్చేస్తాడు, ఏడవకు అని ఓదారుస్తోంది. చివరికి భోజనానికి వచ్చిన మా ఆయన ఫోను చూసుకుని చెగుతో మాట్లాడితే అప్పుడు గేటు తెరుచుకుంది.

నేను పరుగున ఇంటికి చేరేసరికి నాలుగైంది. పిల్ల తిని పడుకుంది. అప్ప కుర్చీ అంచున కూచుని ఉంది, మొహం ఎర్రగా కమిలిపోయి ఉంది. "ఆ చెగుకి బుద్ధి లేదా, రేపు నేనెళ్లి కడిగేస్తాను" అని మొదలెట్టాను.

"ఆ గుంట సేసినదాంట్లో తప్పేటి నేదు" అంది అప్ప. "కాయితం సూసింది. కాయితంలో నాను నేను."

మా వైపు మాటలో గుంట అంటే అమ్మాయి, నాను అంటే నేను. నేదు అంటే లేదు. నేను అంటే లేను. పుస్తకాల తెలుగు చదివి నేర్చుకున్నాక నాకు ఈ మాట తలుచుకుంటే చిత్రంగా ఉండేది. మిగతా తెలుగువాళ్లు తమను తాము చెప్పుకునే మాటతోనే మేం లేనని చెబుతాం. ఆ రోజు మాత్రం చిత్రంగా అనిపించలేదు. గుచ్చుకుంది.

"చిన్న విషయానికి అంతేటప్పా, ఆ వరుసలో ఇప్పుడు రాస్తే సరిపోతాది కదా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"నీకు సిన్నదే లా" అని, ఇక్కడ అందరి మాటకూ తోకలా ఉండే ఆ మలయ్ "లా"ను విసురుగా నొక్కి, లేచింది. ఎర్ర హెల్మెట్ తీసి నా బల్ల మీద పెట్టింది. "రేపట్నుంచి నాను రాను. పిల్ల సూస్తుండగా నువ్వెవులని అడిగితే నానేటి సెప్పాల?"

మర్నాడు నిజంగానే రాలేదు. ఫోను ఎత్తలేదు. పొద్దున పదింటికి బావ ఎత్తి "పడుకుంది" అన్నాడు. మా అప్ప పగలు పడుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇంకో మాట కూడా బావ గొంతు తగ్గించి చెప్పాడు. బాగన్ దాతుక్‌లో ఆయన అన్నగారి పక్కిల్లు ఖాళీగా ఉంది, వచ్చి ఉండమని వాళ్లు ఏడాదిగా అడుగుతున్నారు. ఇన్నాళ్లూ ఎల్దాం అని ఈయన అంటే, పిల్లని వదిలి ఎలగెల్తామని ఆవిడే ఆపేది. నిన్న రాత్రి మాత్రం, పద ఎలిపోదాం అందట.

అమ్మ పోయినప్పుడు నాకు ఊహ లేదు, కాబట్టి ఆ బాధేమిటో తెలియదు. అప్ప వెళ్లిపోతుందంటే ఏమిటో నాకు తెలుసు. ఒక ఖాళీ వరుస వల్ల, నా బద్ధకం వల్ల, ఆవిడ ఈ ఇంటికి ఏమీ కానిది అయిపోయింది. అది తలుచుకుంటే అన్నం దిగలేదు.

అన్నం దిగనప్పుడు కూడా నా బుద్ధి నాదే కదా. గురువారం తడికాకు పరిగెత్తాను. ఫారంలో మొట్టమొదటి వరుస ముఖ్య సంరక్షకులది, అక్కడ ఒక్కరి పేరే రాయాలి. మా ఆయన పేరు కొట్టేసి అప్ప పేరు రాసి, ఆయన ఫొటో బదులు నా ఫోన్లో ఉన్న ఆవిడ ఫొటో వాళ్లకు పంపించాను. ఆ ఫారాన్ని ఫొటో తీసి అప్పకు పంపాను. "చూడు, నువ్వే మొదట" అని కింద రాశాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

శుక్రవారం మా ఆయన షిఫ్టు మార్చుకుని పిల్ల కోసం వెళ్లాడు. గేటు తెరుచుకోలేదు. పిల్ల "అప్పా" అంటోంది, చెగు కాగితం చూస్తోంది, కాగితంలో అప్పా ఉండాల్సిన చోట ఒక ఆడమనిషి ఫొటో. ఆయన నాకు ఫోను చేసి, ఎప్పటి నెమ్మదితోనే, "నన్ను తీసేశావా?" అని అడిగాడు. తిట్టినా బావుండేది. నేను మాట్లాడి గేటు తీయించాను. అప్ప దగ్గర నుంచి జవాబు లేదు. బావను అడిగితే, ఆ ఫొటో చూసి ఫోను బోర్లా పెట్టేసిందని, "మరిదిని తీసీసి నన్నెట్టిందా? అలగ సెయ్యమని ఎవులడిగినారు?" అందని చెప్పాడు.

ఆ రోజే ఆఫీసులో ఇంకో బాగోతం. మా ప్రోగ్రామును పరీక్షించేటప్పుడు సిబ్బంది జాబితాలో మా ఆఫీసువాళ్ల నంబర్లే పెట్టుకుంటాం. ఆ పొద్దున మేనేజరుతో సహా అందరి ఫోన్లకూ ఒకే కబురు వచ్చింది: రేపు ఉదయం ఏమీ తినకుండా రండి, మూత్రం సీసా మర్చిపోకండి. రోగులకు వెళ్లాల్సిన కబురది. నేను పెట్టిన ప్రైమరీ గుర్తు మహిమ. పేర్లు కలిసి తన పాటికి తను నడుస్తున్న రెండో చోటు కూడా, ఆ గుర్తు చూసి, పేరు సంగతి మర్చిపోయి సిబ్బంది బీన్‌నే తీసుకుంది. తప్పు జరిగినట్టు ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. ఆగి అడుగుతున్నదాని నోరు నేనే మూశాను కదా.

మా బృందంలో రిటైరుమెంటుకు దగ్గరైన ఒక చైనీస్ పెద్దాయన ఉన్నారు, అందరం అంకుల్ అంటాం. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూచున్నారు. నవ్వలేదు, అది ఆయన మర్యాద. "అది నిన్ను ఎవరు గొప్ప అని అడగలేదు, ఇక్కడికి ఎవరు కావాలి అని అడిగింది. నువ్వు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పావు" అన్నారు. ప్రైమరీ తీసేయించారు. ఒక్కో బీన్‌కు ఒక్కో గుర్తింపు పేరు పెట్టించారు. దాన్ని మేం క్వాలిఫయర్ అంటాం. రోగుల కబురు అడిగే చోట రోగులదని, సిబ్బంది కబురు అడిగే చోట సిబ్బందిదని రాయించారు. పేరు కలుస్తుందిలే అని ఏ చోటునూ దాని అదృష్టానికి వదలనివ్వలేదు. అంతా కలిపి గంట కూడా పట్టలేదు. పని అయ్యాక ఆయన టీ తాగడానికి వెళ్లిపోయారు, నేను మాత్రం తెర ముందే కూచుండిపోయాను. నాకు ఆ ఫారమే కళ్లముందు ఆడుతోంది.

సాయంత్రం తడికా మూసే ముందు వెళ్లి చెగును కలిశాను. కడిగేస్తానన్నదాన్ని, క్షమించమని అడిగాను. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆవిడ మంచావిడని మొహం చూస్తేనే తెలుస్తోంది, కానీ బిడ్డను తెలియనివాళ్ల చేతిలో పెడితే?" అంది. తన తలనొప్పి తీరడానికి తనే ఒక కొత్త కాగితం తయారు చేసుకుంది. నాలుగు వరుసలు, ఎవరూ మొదటివాళ్లు కారు, ఎవరూ ఇతరులు కారు. ప్రతి వరుసలో ఫొటో, సంతకం, బిడ్డ వాళ్లను ఏమని పిలుస్తుంది, చూడగానే గుర్తుపట్టడానికి ఏదైనా ఆనవాలు. సంతకం ఎవరిది వాళ్లే చేయాలని గట్టిగా చెప్పింది.

శనివారం పొద్దున కాగితం తీసుకుని, పిల్లను వెంటబెట్టుకుని అప్ప ఇంటికి వెళ్లాను. పేపరు పరుచుకుని కూచుని ఎండు నెత్తళ్లకు తలలు తుంచుతోంది. నన్ను చూసి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. పిల్ల వెళ్లి ఒళ్లో పడితే చేపల చేతులు దూరంగా పెట్టి ముద్దు పెట్టుకుంది. గోడవారగా రెండు అట్టపెట్టెలు, గిన్నెలు సర్దినవి, కనిపించాయి. నేను ఎదురుగా కూచుని నేనూ తలలు తుంచడం మొదలుపెట్టాను.

తప్పు నాదే అన్నాను. ఆ వరుస ఖాళీగా వదిలినందుకు, చిన్న విషయం అన్నందుకు, మరిది పేరు కొట్టేసి నిన్ను రాసినందుకు, మూడింటికీ నాదే తప్పు అన్నాను. ఆఫీసులో మూత్రం సీసా కబురు కథ కూడా చెప్పాను, నవ్విద్దామని. నవ్వలేదు.

"అంటే ఆ యంత్రం, తెలీకపోతే ఆగి అడుగుద్దా?" అంది.

"అడుగుతాది."

"నువ్వు మాత్రం అడగవు" అంది అప్ప.

ఆవిడ లేచి చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి, బిస్కెట్ల డబ్బా తీసుకొచ్చింది. అందులో నా చిన్నప్పటి తమిళ బడి మార్కుల పుస్తకాలు, ఒకటో తరగతి నుంచి ఆరు దాకా. నేను వాటిని చూసి ముప్పై ఏళ్లవుతుంది. ప్రతి పేజీ అడుగునా సంతకం, దాని పక్కన విద్యార్థికి ఏమవుతారు అనే గడి. ప్రతి గడిలోనూ వంకర టింకర తమిళ అక్షరాలతో ఒకే మాట: అప్ప.

అవి అయ్య సంతకాలే అనుకున్నాను ఇన్నేళ్లూ. అయ్యకు సంతకం రాదు, వేలిముద్రే. ఆ మాత్రం నాకు తట్టి ఉండాల్సింది.

"వాత్యారు నిన్నడిగినాడు, రేపు ఎవులొస్తారని" అని అప్ప చెప్పుకొచ్చింది. బడి అయ్యవార్లను మేం తమిళంలో వాత్యారు అనేవాళ్లం. "అప్పొస్తాదని నువ్వు సెప్పినావు. నాను పని బట్టలతోనే వచ్చినాను. ఇరవై రెండేళ్లు నాకు. నాన్నేడీ అన్నాడు. నానే అప్పని అన్నాను. ఆయన నా మొగం సూసినాడు, నిన్ను సూసినాడు. ఇంకేటీ అడగనేదు. కలం సేతికిచ్చినాడు. ఏటవుతావని గడిలో రాయమంటే, అప్ప అని రాసినాను. నాను అబద్దం రాయనేదు లా."

నిజమే, ఒక్క అక్షరం అబద్ధం లేదు. చదివినవాళ్లంతా చివరి దీర్ఘం జారిపోయిందనుకుని, ఆరేళ్లూ ఈ పిల్ల తండ్రి ఎంత శ్రద్ధగల మనిషో అనుకుని ఉంటారు.

"ఆరేళ్లు కాయితంలో నానున్నాను" అంది అప్ప. "నీ పిల్ల కాయితంలో నేను. ఆ గేటు కాడ అదే తలకెక్కింది."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. చేపల చేతుల్తో కళ్లు తుడుచుకోవడం ఎంత తెలివితక్కువ పనో అప్పుడు తెలిసింది. కళ్లు భగ్గుమన్నాయి. అప్ప తిట్టుకుంటూ, చిన్నప్పుడు కడిగినట్టే నా మొహం పట్టుకుని కుళాయి కింద పెట్టి కడిగింది. అది చూసి పిల్ల పకపకా నవ్వింది. అప్పుడు అప్ప కూడా నవ్వింది.

కొత్త కాగితం బల్ల మీద పెట్టాను. మా ఆయన వరుస అప్పటికే నింపి ఉంది: పిల్ల పిలిచే మాట అప్పా, ఆనవాలు మీసం. అప్ప దాన్ని చదివింది, మరిది తన చోట తను ఉన్నాడని చూసుకుంది. తర్వాత తన వరుస మీద వేలు పెట్టి "ఇక్కడేటి రాయాల?" అంది.

"నిన్నే అడుగుతున్నాను" అన్నాను. "నువ్వే రాయి."

చేతులు మళ్లీ కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని, కలం తీసుకుని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే విడివిడిగా పెట్టి అప్ప అని రాసింది. ఆనవాలు గడి దగ్గర ఆగిపోయింది. తనలో గుర్తుపట్టేదేముందని అద్దంలోకి చూసినట్టు నా వైపు చూసింది. "జడ!" అని పిల్ల అరిచింది. "అప్పాకి మీసం, అప్పకి జడ!" మలయ్‌లో జడను తోచాంగ్ అంటారు. ఆ మాట నేను పలికితే ఆవిడ రాసుకుంది. సంతకం చేసి కాగితం నాకిచ్చింది. సోమవారం వస్తావా అని అడిగాను. ఇంకా నెత్తళ్లు సగం ఉన్నాయంది. అది అవునో కాదో నాకు తెలియలేదు. గోడవారన అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి.

సోమవారం నేను ఇంటి నుంచే పని చేసే రోజు. ఎర్ర హెల్మెట్‌ను పొద్దున్నే వాళ్ల గుమ్మం దగ్గర పెట్టి, ఏమీ అడగకుండా వచ్చేశాను. పన్నెండుంబావుకు తడికా ఎదురుగా కారులో కూచున్నాను, ఆవిడ రాకపోతే నేనే తీసుకెళ్లాలి కదా. ఇరవై అయింది. ఇరవై ఐదు అయింది. నేను కారు తలుపు మీద చేయి వేశాను. అప్పుడు వీధి మలుపులో ఆ మోటారుసైకిలు చప్పుడు వినిపించింది. దాని కొక్కేనికి ఎర్ర హెల్మెట్ ఊగుతోంది.

చెగు ఫైలు పట్టుకుని గేటు దగ్గరకు వచ్చింది. పిల్ల ఊచలు పట్టుకుని "అప్ప!" అని కేకేసింది. ఏ అప్ప అని చెగు పిల్లను అడిగింది. పిల్ల నోరు తెరిచేలోగా, మా అప్ప హెల్మెట్ తీసేసి, గేటుకు వీపు తిప్పి నిలబడింది. జడ ఇప్పుడు సన్నబడింది, సగం తెల్లబడింది, చివర రబ్బరు బ్యాండు. చెగు కాగితం చూసింది, జడ చూసింది, నవ్వుతూ తాళం తీసింది.

నేను కారు దిగలేదు. అప్ప నన్ను చూసిందో లేదో తెలియదు. పిల్లకు హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, వెనక కూచోబెట్టుకుంది. బండి కదిలింది. మలుపు దగ్గర గతుకు వచ్చినప్పుడు నా కూతురు రెండు చేతులతో జడ చివర పట్టుకుని గట్టిగా లాగింది, అప్ప తిట్టడం నాకు ఇక్కడికి వినిపించింది.